నోటి సోదా

మూడో మంచుబండి, కుస్తీ మర్నాడు

పొద్దున్నుంచీ గోదాలో కూర్చుని ఎర్రమట్టి జల్లెడ పట్టాను. మూడు పళ్లు దొరికాయి. రెండు మా ఎగువపేటవి, ఒకటి దిగువపేటది. నోటి వైద్యురాలికి ఈ పని కూడా ఉంటుందని నాకు చదువు చెప్పినప్పుడు ఎవరూ అనలేదు. పన్ను మట్టిలో మిగిలిపోతే తర్వాతి కుస్తీలో ఎవడి వీపులోనో దిగుతుంది, చీము పడుతుంది, చివరికి ఆ వీపు నా దగ్గరికే వస్తుంది. పళ్లు చూసేదాన్ని కాబట్టి పంటిగాట్లు కూడా నావేనట.

జరిగింది జరిగినట్టు రాసి పెట్టమని పేట పెద్ద అప్పలనరసమ్మ హుకుం. రాసింది ఎవరూ చదవరు. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

నిన్న మేం ఓడిపోయాం. అంటే ఈ బండి మంచులో మొదటి కరుగు దిగువపేటకి పోయింది. మొదటి కరుగు నీళ్లు తేటగా, వెచ్చగా ఉంటాయి. అవి వాళ్ల గొట్టాల్లోకి వెళ్లాక అడుగున మిగిలిన తుప్పునీళ్లు మాకు. మంచు కరిగించే రెండో కొలిమి పేలిపోకముందు ఈ తగువే లేదట. ఇప్పుడు ఒకటే కొలిమి, రెండు పేటలు, ధ్రువం నుంచి వచ్చే ప్రతి మంచుబండికీ ఒక కుస్తీ.

మా వస్తాదు నా తమ్ముడు గవర్రాజు. వాళ్ల వస్తాదు దాలినాయుడు. భూమ్మీద దెబ్బ తిన్నవాడు వెంటనే కింద పడతాడట. అదృష్టవంతులు. ఈ గ్రహం మీద బరువు తక్కువ. పడేవాడు నేలకి చేరేలోగా కొట్టేవాడు ఇంకో మూడు గుద్దులు గుద్దచ్చు. నిన్న దాలినాయుడు అదే చేశాడు. మా వాడి పెదవి చిట్లి రక్తం గాల్లో గుండ్రంగా తేలుతూ నింపాదిగా దిగుతుంటే దిగువపేట జనం చప్పట్లు కొట్టారు. పోయిన చలికాలం మా వాడి దవడ విరిచింది కూడా ఈ దాలినాయుడే. దానికి తీగలు కట్టింది నేను. ఆ మనిషంటే నాకెంత ప్రేమో వేరే చెప్పక్కర్లేదు.

అయితే కుస్తీకి ముందు ఆ మనిషి నోట్లో వేలు పెట్టాల్సింది కూడా నేనే. దాన్ని నోటి సోదా అంటారు. ఎప్పుడో ఒక వస్తాదు చెంపలో బ్లేడు దాచుకుని వచ్చి, పట్టులో ఉండగా ఎదుటివాడి గొంతు కోసేశాడు. అప్పట్నుంచి మా వస్తాదు నోరు వాళ్ల వైద్యుడు, వాళ్ల వస్తాదు నోరు నేను చూడాలి. నోట్లో ఉన్నదంతా ఉమ్మించి మూలమూలలా తడిమి, ఒక్క మాట చెప్పాలి. 'సుబ్బరం' లేదా 'ఉంది'. ఇంకే మాటా అనకూడదు. 'ఉంది' అంటే అక్కడికక్కడే నా చేత్తోనే బయటికి తియ్యాలి, అతని మనుషులే అతన్ని కదలకుండా పట్టుకోవాలి. తీసింది ఇనుము కాకపోతే మాత్రం ఆ చలికాలమంతా మొదటి కరుగు అవతలి పేటకి, తడిమిన వేలు గోదా పెద్దకి. నాకు ముందు ఈ పని చేసిన రాములప్ప ఒకసారి విరిగిన పంటి ముక్కని ఇనుము అనుకుంది. తర్వాత ఆవిడ గంజి ఎడమ చేత్తో తాగేది.

నిన్న దాలినాయుడి ఎడమ చెంప లోపల తెల్లటి మచ్చ కనబడింది. గుడ్డతో తుడిచాను, పోలేదు. 'సుబ్బరం' అన్నాను. ఇనుము లేదు కదా.

మూడో బండి, రెండు రోజుల తర్వాత

గవర్రాజు విరిగిన పన్ను మొదలు తీయించుకోడానికి వచ్చాడు. వస్తాదులు నా కుర్చీలో చిన్నపిల్లల్లా ముడుచుకుంటారు. ఇతను మాత్రం కాళ్లు చాపుకుని కూర్చుని, పట్టకారు చూసి ఆవులించాడు. నోట్లో తిమ్మిరి ముద్ద ఉంది మరి.

ఈ ముద్ద సంగతి రాయాలి. గాజుతోటలో పెరిగే తిమ్మిరి దుంపని నూరి, కొలిమి బూడిద కలిపి ఉండ చేస్తారు. దాన్ని ఎడమ చెంపలో పెట్టుకుంటే దవడ, నాలుక, సగం ముఖం మొద్దుబారిపోతాయి. గుద్దు తగిలినా తెలియదు. రెండు పేటల వస్తాదులూ గోదాలోనే కాదు, తిండప్పుడు తప్ప రోజంతా దాన్ని పెట్టుకునే ఉంటారు. నిద్రలో కూడా. ముద్ద లేని వస్తాదంటే ఇక్కడ బట్టల్లేని మనిషి కింద లెక్క.

ముద్ద ఉమ్మించి, చెంప లాగి దీపం పెట్టాను. దాలినాయుడికి ఎక్కడుందో అక్కడే తెల్లమచ్చ. తుడిచాను. పోలేదు.

తుడిస్తే పోయే తెలుపుతో నాకు పేచీ లేదు. అది పూత, మందునీళ్లతో పుక్కిలిస్తే నాలుగు రోజుల్లో పోతుంది. నొప్పి పెట్టే పుండుతో కూడా పేచీ లేదు. అది గోల చేసి, మనిషిని ఏడిపించి, దాని మానాన అది మానుతుంది. తుడిచినా పోకుండా, నొప్పి లేకుండా కూర్చునే మచ్చే నాకు భయం. అది ఎర్రబడుతుంది, అంచు గట్టిపడుతుంది, లోపలికి వేళ్లు తన్నుతుంది. మచ్చగా ఉన్నప్పుడు కోసేస్తే మనిషి బతుకుతాడు. గడ్డయ్యాక కూడా తొందరగా కోస్తే బతకచ్చు. దవడ కింద బిళ్లలు కట్టాక మాత్రం నేను చెయ్యగలిగింది ఏమీ లేదు.

"ముద్ద మానెయ్‌రా," అన్నాను. "ఈ మచ్చ దానివల్లే."

"మానేసి ఆ దాలినాయుడి సేతిలో సావమంతావేటప్పా?"

"మచ్చ కోసేత్తాను. సిన్న పని."

"కోసిన నోటితో గోదాలోకి రానివ్వరు గదా. రెండు బండ్లు పోతాయి. ఆ రెండు బండ్లూ పేటంతా తుప్పునీల్లు తాగాలి." అద్దంలో చెంప చూసుకుని నవ్వాడు. "నొప్పి నేదు, నెత్తురు నేదు. తెల్లగుంది, అంతే గదా. దీనికింత గాబరా ఏటి?"

వెళుతూ వెళుతూ కొత్త ముద్ద తీసి నోట్లో వేసుకున్నాడు. నా ఎదురుగానే. నాకు ఒళ్లు మండిపోయింది.

నాలుగో బండి, కుస్తీ రోజు

దాలినాయుడి మచ్చ మధ్యలో ఎర్రబడింది. చూపుడువేలు పెట్టి తడిమితే కింద గుండీ అంత గట్టిగా తగిలింది. గడ్డ. నా వేలు అక్కడే ఆగిపోయింది. దాలినాయుడు కళ్లెత్తి నన్ను చూశాడు. దవడ కింద కూడా తడిమాను, ఆయుధం వెతుకుతున్నట్టే. బిళ్లలేవీ తగల్లేదు. అంటే ఇంకా వేళ తప్పలేదు.

"సుబ్బరం," అన్నాను.

ఆ తర్వాత జరిగిన కుస్తీ గురించి రాయాలని లేదు. దాలినాయుడు గవర్రాజు చెవి కొరికి, ముక్క ఊడదీసి మట్టిలో ఉమ్మాడు. మా వాడు ఒక్క అరుపు కూడా అరవలేదు. ముద్ద గొప్పతనం. చెవి పోయిన సంగతి చెయ్యి పెట్టి చూసుకుంటే గానీ తెలియలేదు. మళ్లీ ఓడిపోయాం.

కుస్తీ అయ్యాక గోదాలో అందరూ అరుచుకుంటారు. ఎవరు ఎవరితో ఏం మాట్లాడినా పట్టించుకునేవాడు ఉండడు. చెవి ముక్క వెతుకుతూ మట్టిలో మోకాళ్ల మీద ఉన్నాను. దాలినాయుడు వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు.

"నీ ఏలు నా సెంపకాడ ఎందుకాగింది?"

"గడ్డుంది గనక."

"నొప్పి నేదు."

"అదే నీ కర్మ. నొప్పుంటే ఈపాటికి నువ్వే ఎవుడికాడికో ఎల్లి కొయ్యమందువు."

"కొయ్యకపోతే?"

"సలి పోయేలోగా సెంపకి కన్నం పడతాది. తాగిన గంజి అందులోంచి కారతాది. ఆ మీద ఎన్నాల్లో ఉండవు."

అతని పళ్ల మీద నా తమ్ముడి రక్తం ఉంది. ఆ పళ్లతోనే నవ్వాడు. "తమ్ముడు ఓడిపోతన్నాడని నన్ను బెదరగొడతన్నావా?" అని ఒక్క తోపు తోశాడు. కంచె దాకా గాల్లో వెళ్లి వీపుతో గుద్దుకున్నాను. ఇప్పటికీ ఊపిరి తీస్తే పక్కటెముక పొడుస్తోంది.

చావనీ అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ఇంటికొచ్చి గవర్రాజు చెవికి కుట్లు వేస్తూ అదే మాట తలుచుకుంటుంటే, అతని చెంపలో ముద్ద ఉబ్బెత్తుగా కనబడింది. దాలినాయుడికి ఇప్పుడు వచ్చింది రేపు వీడికి రాబోయేదే. తెల్లగా మొదలైంది, ఎర్రబడుతుంది, గట్టిపడుతుంది. ఆ ఒక్క తలపుతో నా కసి అంతా చల్లారి భయం మిగిలింది.

నాలుగో బండి, వారం తర్వాత

అప్పలనరసమ్మ దగ్గరికి వెళ్లాను. మా పేట పెద్ద. వయసులో ఉన్నప్పుడు ఆవిడ కూడా గోదాలో దిగిన మనిషే. ముక్కు పక్కకి ఒరిగిపోయి ఉంటుంది.

దాలినాయుడికి గడ్డ ఉందని చెప్పగానే ఆవిడ ముఖం వెలిగిపోయింది. "నిజంగానా? ఎన్నాల్లు బతుకుతాడు?"

"అది కాదు పెద్దమ్మా. మన గవర్రాజుకీ అక్కడే మచ్చుంది. ముద్ద మాన్పించాలి. రెండు బండ్లు ఇంకో వస్తాదుని దింపండి."

"దింపి? ఓడిపోయి? పసిపిల్లలున్నోల్లకి తుప్పునీల్లు తాగించమంతావా?" ఆవిడ చెయ్యి నా భుజం మీద పడింది. మామూలుగా వెయ్యలేదు, ఎముక నొక్కింది. "ఆడు సచ్చేదాకా మన గుంటడు నిలబడితే సాలు. ఆ మీదట ఏటి కోసుకుంతావో కోసుకో. ఈ మాట బయటికొచ్చిందో, నీ పళ్లు నువ్వే ఏరుకోవాల."

అక్కడితో ఊరుకోలేక కొలిమి దగ్గర దిగువపేట నోటి వైద్యుడు సత్తెబాబుని పట్టుకున్నాను. ఇద్దరం గాయాలు కాల్చే ఇనుపచువ్వలు సానపట్టించుకోడానికి అక్కడికే వస్తాం. నేను చెప్పిందంతా ఆయన తల వంచుకుని విన్నాడు.

"నాకు తెల్సు," అన్నాడు చివరికి. "రెండు బండ్ల కిందటే సూసేను."

"మరి కొయ్యవేటి?"

"కొయ్యాలంటే గోదాలోంచి తియ్యాలి. గెలుస్తన్న వస్తాదుని తీసెయ్యమంటే మావోల్లు నన్ను కొలిమిలో ఎడతారు, తల్లీ. పోయిన వైద్యుడికి అదే అయ్యింది." చువ్వలు సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. ఆయన్ని తిట్టాలనిపించలేదు.

అయిదో బండికి ముందు

గవర్రాజు మచ్చకి ఒక మూల ఎర్రబడింది.

వైద్యశాల తలుపు గడియ వేసి, కుర్చీకి తోలుపట్టీలు బిగించి ఉంచాను. దంతం కదులుతోందని అబద్ధం చెప్పి పిలిపించాను. కూర్చోగానే ఒక చేతికి పట్టీ వేసేశాను. రెండో చెయ్యి దొరకలేదు. ఒక్క విదిలింపుతో కుర్చీని నేలలోంచి బోల్టులతో సహా పెకలించాడు. పనిముట్ల పళ్లెం ఎగిరి పైకప్పుకి తగిలి, కత్తులు మెల్లగా మా చుట్టూ రాలాయి. పెనుగులాటలో ఒకటి నా ముంజేతిలో దిగింది. దాన్ని చూసి కూడా అతను ఆగలేదు. నా మెడ పట్టుకుని గోడకి ఆనించాడు.

"నానేటి పసిగుడ్డునా? మోసం సేసి కోసేత్తావా?"

"ఎర్రబడిందిరా! నీకు కనబడ్డం నేదా?"

"ఎర్రగా ఉంటే? నోరు ఎర్రగా కాక పచ్చగా ఉంటాదా?" అతని ఊపిరిలో బూడిద వాసన. "గడ్డంతావు, కన్నం పడతాదంతావు. ఎక్కడుందప్పా ఆ జబ్బు? ఎవుడికొచ్చింది? సూపించు. నా కంటితో సూస్తే నమ్ముతాను. నేదంటే ఇంకోసారి నా నోటి జోలికి రాకు."

మెడ వదిలాడు. నేను జారి కింద కూర్చున్నాను. అతను పట్టీ తెంపుకుని, తలుపు గడియ విరగ్గొట్టుకుని వెళ్లిపోయాడు. గాలి అందక కాదు, ఏడుపొచ్చి ఊపిరాడలేదు. అమ్మ పోయాక ఆ నోట్లో మొదటి గంజి చెంచా పెట్టింది నేను. ఆ నోరు కుళ్లిపోతుంటే చూస్తూ కూర్చోవడం నావల్ల కాదు.

ముంజేతికి నేనే కుట్లు వేసుకున్నాను. వంకరగా వచ్చాయి.

అయిదో బండి, కుస్తీ మర్నాడు (ఎడమ చేత్తో రాస్తున్నాను)

నిన్న రెండు పేటలూ గోదా చుట్టూ గోడలెక్కి కూర్చున్నాయి. గోదా పెద్ద బాయన్న గంట కొట్టాడు. ఏ పేటకీ చెందని మనిషి అతను, కొలిమి దగ్గరే ఉంటాడు. సత్తెబాబు వచ్చి గవర్రాజు నోరు చూసి 'సుబ్బరం' అన్నాడు. ఆయన వేలు కూడా ఒక్క క్షణం చెంప దగ్గర ఆగడం నేను చూశాను.

దాలినాయుడు ముద్ద ఉమ్మి నా ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. కూర్చోవడం రివాజు. నోరు తెరవడమూ రివాజే. కానీ నిన్న నేను అడగకముందే ముఖం దీపం వైపు తిప్పి, చెంప నాకు కనిపించేలా దవడ పక్కకి లాగి మరీ తెరిచాడు. పోయినసారి నవ్విన మనిషి. నా కళ్లలోకి చూస్తున్నాడు. అతనికి భయం వేసింది. ఎవరికీ చెప్పుకోలేకపోయాడు. రెండు పేటల్లోనూ అతన్ని చూసి భయపడేవాళ్లే గానీ అతను భయపడితే వినేవాళ్లు ఎవరున్నారు?

గడ్డ నిమ్మపండంత కాలేదు గానీ, అంచులు పైకి లేచి మధ్యలో గుంట పడింది. దవడ కింద తడిమాను. ఇంకా ఏమీ లేదు. ఇంకో బండి వచ్చేసరికి ఉంటుంది.

"ఉంది," అన్నాను.

గోదా అరుపులతో బద్దలైంది. దిగువపేట వాళ్లు రాళ్లు విసిరారు. ఒకటి నా భుజానికి తగిలింది. మావాళ్లు కేరింతలు కొట్టారు. బాయన్న గంట కొట్టి, "పట్టుకోండి ఆడ్ని," అన్నాడు. దిగువపేట మనుషులు ఆరుగురు దాలినాయుడి మీద పడి చేతులు, కాళ్లు, తల బిగించారు. పట్టుకునే అవసరమే లేదని వాళ్లకి తెలియదు.

నోట్లో చెక్క అడ్డం పెట్టాను. ముద్ద తిమ్మిరి అప్పుడే దిగిపోతోంది. దిగాలి కూడా. ముద్ద ఉంటే చుట్టూ మాంసమంతా బిగిసి గడ్డ అంచు ఎక్కడో వేలికి తెలియదు. వేలితో అంచు పట్టుకుని, దాని బయట గోరంత మంచి మాంసం వదిలి కత్తి దింపాను.

అతను అరిచాడు. గోదాలో ఇన్నేళ్లలో నేను విన్న మొదటి నిజమైన అరుపు. రక్తం ఉబికి వచ్చి నా ముఖం నిండిపోయింది. ఆరుగురిలో ఇద్దరు వదిలేసి వాంతి చేసుకున్నారు. నేను చుట్టూ కోసుకుంటూ వెళ్లాను. అడుగున కండకి అంటుకున్న చోట కత్తి కరకరమంది. ఇంకొంచెం లోతుకి వెళ్లి, మెత్తటి మాంసం తగిలేదాకా తవ్వి, ఎత్తి తీశాను. గాయాలు కాల్చే చువ్వ ఎర్రగా కాలుతూ పక్కనే ఉంది. సత్తెబాబు అడక్కుండానే తెచ్చి చేతికిచ్చాడు. నెత్తురు కారే చోట్లన్నీ కాల్చి, సత్తెబాబే దాలినాయుడి చెంప లాగి పట్టుకుంటే నేను కుట్లు వేశాను. ఆయన తన మనుషుల ఎదుట ఆ పని చేశాడు. అది రాసి పెట్టాలి.

బాయన్న చెయ్యి చాపాడు. గడ్డ అతని అరచేతిలో పెట్టాను.

"ఇనుమేదీ?"

"ఇనుము నేదు." గడ్డని తీసుకుని గోదా మధ్యలో రాయి మీద పెట్టి రెండుగా కోశాను. పచ్చి జామకాయ కోసిన చప్పుడైంది. లోపల తెల్లగా, గట్టిగా ఉంది. రెండు పేటలకీ కనిపించేలా ఎత్తి పట్టుకుని అరిచాను. "ముద్ద పెట్టుకునే ప్రతి నోట్లో పెరిగేది ఇదే! నొప్పి ఉండదు! సంపేత్తాది!"

ఎంతమంది విన్నారో తెలియదు. గవర్రాజు మాత్రం ఒక చివర నిలబడి, నావైపు కాదు, మా పేట గొట్టాల వైపు చూస్తున్నాడు. చలికాలమంతా పోయిన నీళ్ల వైపు.

బాయన్న మంచి మనిషే. పైపులు కత్తిరించే కత్తెర తెచ్చి, "ఏ ఏలు?" అని అడిగాడు. కుడి చూపుడువేలు చూపించాను. రెండో కణుపు దగ్గర పెట్టి రెండు చేతులతో నొక్కాడు. ఎముక చప్పుడు ముందు వినిపించి, నొప్పి తర్వాత వచ్చింది. నాకెవరూ ముద్ద ఇవ్వలేదు. ఇచ్చినా పుచ్చుకునేదాన్ని కాదు. మిగతాది నాకు గుర్తులేదు, గొంతు మాత్రం ఇప్పటికీ బొంగురుగా ఉంది.

అయిదో బండి, మూడో రోజు

కుళాయి తిప్పితే ఎర్రనీళ్లు. పేటవాళ్లు వైద్యశాల అద్దాలు పగలగొట్టారు. ఒకావిడ పసిపిల్లని ఎత్తుకుని వచ్చి, గ్లాసెడు తుప్పునీళ్లు నా ముఖాన కొట్టి వెళ్లింది. ఆవిడ మీద నాకు కోపం రాలేదు. సిగ్గేసింది. అయినా మళ్లీ ఆ చోట ఉంటే 'ఉంది' అనే అంటాను.

అప్పలనరసమ్మ వచ్చి గుమ్మంలో ఉమ్మింది. "నీ సేతులకింకా తొమ్మిది ఏల్లున్నాయి. అయి లెక్కెట్టుకుని బతుకు," అంది.

గవర్రాజు వచ్చాడు. చూశావుగా అన్నాను. చూశాను అన్నాడు. చెంప మీద ఒక్కటిచ్చాడు. తల గోడకి తగిలి చెవిలో గుయ్యిమంది. "అది ఆడి నోరు! ఆడు సత్తే మనకేటి? నీల్లన్నీ పోగొట్టి ఆడ్ని బతికించేవు!" అని అరిచాడు. ఎడమ చెంపలో ముద్ద ఉంది.

ఇంత చేసీ వీడికి అందలేదు. ఈ మాట రాస్తుంటే వేలు పోయిన చోటు కంటే ఎక్కువ మండుతోంది.

అయిదో బండి, రెండో వారం

ఇవాళ మధ్యాహ్నం పేట గేటు దగ్గర కేకలు వినిపించాయి. దాలినాయుడు ఒంటరిగా మా పేటలోకి నడిచి వచ్చాడు. ముఖానికి గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. రాళ్లు తగిలి నుదురు చీలింది. అయినా చెయ్యెత్తకుండా నడిచి వచ్చి నా గుమ్మంలో నిలబడ్డాడు.

వెనకాలే గవర్రాజు పరుగెత్తుకొచ్చి మెడ మీద గుద్దాడు. దాలినాయుడు గుమ్మానికి గుద్దుకున్నాడు. ఇంకోటి పొట్టలో, ఇంకోటి పక్కటెముకల్లో. అతను నోరు రెండు చేతులతో కప్పుకుని దెబ్బలు తిన్నాడు తప్ప తిరిగి కొట్టలేదు. కుట్లు తెగుతాయని. కుట్లు తియ్యాల్సిన వేళకి వచ్చాడని నాకు అప్పుడు అర్థమైంది. సత్తెబాబు వాళ్ల పేటలోనే ఉన్నాడు, అయినా కోసిన మనిషి దగ్గరికే వచ్చాడు.

"ఆపరా!" అని అరిచాను. నా గొంతుకి నేనే ఉలిక్కిపడ్డాను. "ఇతను నా రోగి. ఇంకో దెబ్బ ఏసేవంటే ఈ కత్తి నీలో దింపుతాను."

గవర్రాజు ఆగాడు. దాలినాయుడు కుర్చీలో కూర్చుని గుడ్డ విప్పాడు. నా కుడి చెయ్యి కట్టులో ఉంది.

"ఇలా రా. సెంప పట్టుకో," అన్నాను తమ్ముడితో.

"నానా? ఆడి నోరా?"

"నాకున్నది ఒక్క సెయ్యి. కుట్లు తియ్యనా, సెంప పట్టుకోనా?"

తిట్టుకుంటూనే వచ్చాడు. రెండు వేళ్లు లోపల పెట్టి చెంప లాగాడు. దీపం వేశాను. గడ్డ ఉన్న చోట పెద్ద గుంట, అంచుల్లో కొత్త మాంసం గులాబీ రంగులో పుట్టుకొస్తోంది. ఎక్కడా తెలుపు లేదు, గట్టిదనం లేదు. నేను కుట్లు ఒక్కొక్కటే కత్తిరించి లాగుతుంటే దాలినాయుడి కళ్లలోంచి నీళ్లు కారాయి. గవర్రాజు ఆ గుంటని చూస్తూనే ఉన్నాడు. గోదాలో అంత దూరం నుంచి చూడటం వేరు, వేళ్ల మధ్య పట్టుకుని చూడటం వేరు.

"ముందు... ఇది ఎలగుండేది?" అని అడిగాడు. నన్ను కాదు, అతన్ని.

దాలినాయుడు మాట్లాడలేడు. పళ్లెంలోంచి నా అద్దం తీశాడు. లేచి నిలబడి, గవర్రాజు దవడ పట్టుకుని, ముద్ద బయటికి తోసేసి, చెంప లాగి అద్దం ఎదురుగా పెట్టాడు. ఎర్రబడిన మూల మీద వేలు పెట్టి ఆపాడు. తర్వాత అదే వేలు తన గుంట మీద పెట్టుకున్నాడు.

గవర్రాజు ముఖంలో రంగు పోయింది. నేల మీద పడ్డ ముద్దని చూశాడు, నన్ను చూశాడు. కుర్చీలో కూర్చున్నాడు.

"ఇప్పుడే కొయ్యప్పా. రేపంటే నాను పారిపోతాను."

"ముద్ద నేకుండా కొయ్యాలి. నీకు పట్టీలు సాలవు."

దాలినాయుడు కుర్చీ వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. గవర్రాజు తలని ఛాతీకి అదుముకుని, గోదాలో మెడ బిగించే పట్టు పట్టాడు. పోయిన చలికాలం విరిచిన దవడే ఆ చేతుల్లో ఇంకోసారి. గవర్రాజు కళ్లు మూసుకుని నోరు తెరిచాడు.

కత్తి ఎడమ చేత్తో తీసుకున్నాను. ఎప్పుడూ ఆ చేత్తో కోయలేదు. దింపగానే తమ్ముడు పెట్టిన కేకకి బయట ఉన్న జనం తలుపు బాదడం మొదలుపెట్టారు, లోపల నేను మా వస్తాదుని చంపుతున్నాననుకుని. తలుపు పగలసాగింది. నేను తొందరపడలేదు. తెల్లటిదంతా, ఎర్రటి మూలతో సహా, చుట్టూ గోరంత మంచి మాంసం కలుపుకుని కోసి తీసి పళ్లెంలో వేశాను.